ఎర్రరంగు కింద కుట్టుమిషను

నా భార్య ఎవరికీ తల వంచి ఎరగదు. దేవుడికి కూడా. ఇంటికి పెద్దవాళ్ళు వస్తే కుర్చీ చూపించేది, మంచినీళ్ళు ఇచ్చేది, అంతే. అలాంటి మనిషి తల వంచి, కళ్ళు దించి, ఎదుట తెల్లగుడ్డ పరిచి ప్రార్థన చేస్తున్న ఫోటో సముద్రాలవతల ఎన్ని ఇళ్ళ గోడలకు వేలాడుతోందో నాకు తెలియదు. పోస్టుకార్డుల మీద అచ్చు వేశారు. పుస్తకాల అట్టల మీద వేశారు. పెద్ద చదువులు చదివిన ఒకాయన ఆ తెల్లగుడ్డ గురించే పేజీలకు పేజీలు రాశాడని, తూర్పుదేశాల ఆడవాళ్ళు తల్లి నుంచి కూతురికి దాచి ఇచ్చుకునే పవిత్రవస్త్రమని తేల్చాడని, ఆ పుస్తకం చదివినవాళ్ళు నాకు చెప్పారు.

అది దిండు గలీబు.

మాది దర్జీ కొట్టు. కత్తిరించడం నా పని, కుట్టడం ఆమె పని. పొడుగాటి గది. వీధివైపు పెద్ద కిటికీ, దాని కింద కాలితో తొక్కే మిషను, వెనకగోడ దగ్గర నా బల్ల, బల్ల పక్కన బొగ్గుల ఇస్త్రీపెట్టె. కిటికీ దగ్గరి వెలుతురు ఎవరిది అన్నదే పెళ్ళైన కొత్తలో మా మొదటి తగాదా. ఆమే గెలిచింది. "నువ్వు సుద్దతో గీసే గీత గుడ్డివాడి చేతికి కూడా తగులుతుంది. నా సూది బెజ్జం నీకు కనబడుతుందా?" అంది. ఆమెకు చిన్నప్పటి నుంచీ చూపు తక్కువ. తళతళలాడే వెండిరంగు చట్రం కళ్ళజోడు పెట్టుకునేది. అది తీస్తే ఎదుట ఉన్నది మొగుడో గుంజో తెలియదని ఆమే అనేది. తెలిసినా పెద్ద తేడా లేదని కూడా అనేది.

అవి దొరల పాలన రోజులు. మా వెనకవీధిలో ఒక దొర ఫోటో స్టూడియో పెట్టాడు. అందరం ఫోటో దొర అనేవాళ్ళం. నా బావమరిది, అంటే ఆమె తమ్ముడు, అక్కడే పనికి కుదిరాడు. చేతిలో ఎప్పుడూ పెన్సిలు ఉండేది కాబట్టి ఊరంతా వాడిని పెన్సిలు అని పిలిచేది. ఆ పేరుకు తగ్గట్టే సన్నగా, మొన తేలి ఉండేవాడు. వాడి పనేమిటో చెప్పాలి, లేకపోతే తక్కినది అర్థం కాదు. ఆ రోజుల్లో ఫోటో ముందు గాజుపలక మీద పడేది. తెల్లవి నల్లగా, నల్లవి అద్దంలా ఖాళీగా. దాని మీద కాంతి పంపి కాగితానికి ఎక్కించేవారు. పెన్సిలు కిటికీ దగ్గర ఏటవాలు బల్ల వేసుకుని, ఆ పలకను నిలబెట్టి, దొరకు అక్కర్లేనిదాన్ని మాయం చేసేవాడు. పెద్దవాటి మీద కుంచెతో ఎర్రరంగు పూసేవాడు. ఎర్రరంగులోంచి కాంతి దూరదు, కాగితం మీద అక్కడ ఏమీ ఉండదు. చిన్నవాటిని కత్తిమొనతో గీకేసేవాడు.

దొరకు అక్కర్లేనివి చాలా ఉండేవి. గడియారాలు, గొడుగులు, బూట్లు, కరెంటు తీగలు, కొట్ల మీద బోర్డులు. మా వీధివాళ్ళు కష్టపడి కొనుక్కున్నవన్నీ ఆయన ఫోటోల్లో కనబడకుండా పోయేవి. అవి ఉంటే ఆయన దేశంలో ఫోటో కొనరట. తూర్పుదేశం అంటే వాళ్ళకు మట్టి, ఎండ, భక్తి. గడియారం కనబడితే తమ ఊరినే చూసినట్టు ఉంటుంది, దానికెవరు కార్డు కొంటారు? పెన్సిలు ఈ సంగతులు భోజనానికి వచ్చినప్పుడు గొప్పగా చెప్పేవాడు. మా ఆవిడ నవ్వేది. "జాగ్రత్తరా. సైకిలు తొక్కుతున్న టపా జవాన్ని తీసి సైకిలొక్కటే చెరిపేస్తే, గాలిలో తేలే సాధువని అచ్చేస్తారు."

ఒకసారి దొర స్వయంగా మా కొట్టుకు వచ్చాడు, పెన్సిలును దుబాసీగా వెంటబెట్టుకుని. కెమెరా వెనక నిలబడి తల మీద కప్పుకునే నల్లగుడ్డ పాతబడిందట, వెలుతురు దూరుతోందట. రెండు పొరల గుడ్డతో, కుట్టు మీద కుట్టు వేసి ఆమె కుట్టింది. దొర అక్కడికక్కడే దాన్ని తల మీద కప్పుకుని చూశాడు. లోపలి నుంచి పిల్లాడిలా నవ్వు వినబడింది. సూదిమొనంత వెలుతురు కూడా రాలేదట. సంతోషించి, ఆమెకు ఫోటో తీసి ఇస్తానన్నాడు.

"కూర్చుని చూస్తూ ఉండడానికి నాకు తీరిక లేదు. నా పని నేను చేసుకుంటాను, తీసుకుంటే తీసుకోమను," అంది.

సరేనన్నాడు. మర్నాడు మూడుకాళ్ళ కెమెరా తెచ్చి కొట్టులో పెట్టాడు. ఆమె దిండు గలీబు కుడుతోంది. నేను వెనక ఇస్త్రీ చేసుకుంటున్నాను. ఆమె కుట్టిన చీకట్లోకే తల దూర్చి ఆమెను చూశాడు ఆ మనిషి. కదలొద్దని పెన్సిలు చేత చెప్పించాడు. మిషను మీద చేతులు అలాగే ఆపింది, ఊపిరి బిగబట్టింది. అయిపోయింది. ఫోటో ఇస్తానన్నవాడు ఇవ్వలేదు. అడగడం ఆమెకు చేతకాదు. నాకు ఇష్టం లేదు.

ఆ తరవాత చాలాకాలానికి ఎదురుగా ఉన్న కాగితాల కొట్టులో దారానికి తగిలించిన పోస్టుకార్డుల్లో నేనే చూశాను. మా ఆవిడే. చుట్టూ ఏమీ లేదు, తెలుపు. గోడ లేదు, కిటికీ లేదు, మిషను లేదు, కళ్ళజోడు లేదు. వంగిన మెడ, దించిన కళ్ళు, గుడ్డ మీద ఆనించిన రెండు చేతులు. కింద దొరల భాషలో ఏదో అచ్చయి ఉంది. అదేమిటని అడిగితే 'తూర్పుదేశపు స్త్రీ, ప్రార్థనలో' అని కొట్టువాడు చదివాడు.

కొని తెచ్చి ఆమె ముందు పెట్టాను. కళ్ళజోడు తుడిచి పెట్టుకుని చూసింది.

"నా మిషను ఎవడెత్తుకెళ్ళాడు?" అంది.

పెన్సిలు మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. వచ్చినవాడికి వడ్డించింది. వడ్డిస్తూనే అడిగింది, కళ్ళజోడు కూడా ఊడబీకావు కదరా, ఆ గుడ్డిది సూదిలో దారం ఎలా ఎక్కిస్తుందని. వాడు కంచంలోకి చూస్తూ, "దొర చెయ్యమన్నాడక్కా, చేశాను," అన్నాడు. ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని, చాలా బాగా కుదిరిందని దొర మెచ్చుకున్నాడని కూడా చెప్పాడు. కంచం ముందు నుంచి వాడిని లేపి, రెక్క పట్టుకుని గుమ్మం బయట నిలబెట్టాను. వాడితో మాట్లాడడం ఆ పూటతో ఆపేశాను. దొర చెయ్యమంటే ఎవరి ఫోటోలోనైనా చెరపొచ్చు, సొంత అక్క ఫోటోలో చెరపకూడదు. ఇందులో ఆలోచించడానికి ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమె మానలేదు. నేను గుడ్డల బజారుకు వెళ్ళిన రోజుల్లో వాడు వచ్చి తిని వెళ్ళేవాడు. తెలిసి తెలియనట్టు ఉన్నాను. కానీ ఫోటో మాత్రం ఆమె మళ్ళీ తీయించుకోలేదు. మా అమ్మాయి పుట్టాక తల్లీకూతుళ్ళను తీయిద్దామన్నాను. "ఒకసారి తీయించుకుంటే మిషను పోయింది. ఈసారి పిల్ల పోతుంది," అంది. నవ్వుతూనే అంది. అయినా తీయించుకోలేదు.

ఆ కార్డు చూసి ఊరిని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు ఉన్నారు. ఓడ దిగి ఒక దొరా దొరసానీ వచ్చారు. దొరసాని చేతిలో కార్డు. ఈ స్త్రీ ఎక్కడ ప్రార్థన చేస్తుందో చూడాలని హోటలు గుమాస్తాను వెంటబెట్టుకుని వీధి వీధీ తిరిగారు. ఎవరిని అడిగినా మా కొట్టు చూపించారు. వచ్చారు. ఆమె ఒకడి లాగు కాలు కుడుతోంది. గుమాస్తా ఈమేనని చూపించాడు. దొరసాని కార్డు చూసింది, మా ఆవిడను చూసింది, మళ్ళీ కార్డు చూసింది. కళ్ళజోడు తీయమంది. తీసింది. తల వంచమంది. వంచలేదు. దొరసాని తల అడ్డంగా ఊపి ఏదో అంది.

"ఈవిడ కాదంటోందమ్మా," అన్నాడు గుమాస్తా, చెవులదాకా ఎర్రబడి. "ఆ ఫోటోలో ఆవిడ కళ్ళలో ఏదో లోతు ఉందట. మీకు లేదంటోంది."

"కళ్ళజోడు లేకపోతే నాకు ఎదుట మనిషి పొగలా కనబడతాడు. నా గుడ్డితనం చూసి లోతనుకుంది. చెప్పు."

గుమాస్తా చెప్పలేదు. దొరసాని మిషను వైపు చూసి జాలిపడింది. ఇలాంటివి వచ్చి మీ పాత భక్తిని పాడుచేశాయని బాధపడుతోందని గుమాస్తా చెప్పాడు. వెళుతూ వెళుతూ వీధి చివర మెట్ల మీద కునుకు తీస్తున్న ముసలమ్మను ఫోటో తీసుకుని, దొరికిందనుకుని, తృప్తిగా పోయారు.

మనిషి ఎదుట ఉన్నా బొమ్మనే నమ్మారు. వాళ్ళిద్దరే అయితే వెర్రివాళ్ళని వదిలేయవచ్చు. ఆ దేశంలో ఇంటింటా అవే బొమ్మలు. మన మీదికి అధికారుల్ని పంపేవాళ్ళు కూడా వాటిని చూస్తూ పెరిగినవాళ్ళే. కళ్ళు మూసుకుని మొక్కుకునే జనం, పనిముట్టు పట్టడం రాదు, మనం దగ్గరుండి చూసుకోవాలి అనుకోవడానికి వాళ్ళకు అంతకన్నా ఏం కావాలి? ఇక్కడ మిషను మీద ఎర్రరంగు పడితే అక్కడ ఎవడో కుర్చీలో గట్టిగా కూర్చుంటాడు. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. పల్లెటూరి బడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలకు అలాంటి పుస్తకాలు అందవు. కొట్టులో కూర్చుని చూసిందే.

దొరలు పోయారు. ఫోటో దొరా పోయాడు. స్టూడియోలో మిగిలిన గాజుపలకల్ని తోటల్లో మొక్కలు పెంచే గదులకు అద్దాలుగా అమ్మేశారు. ఒక్క పలకను పెన్సిలు ముందే ఇంటికి తెచ్చుకున్నాడని విన్నాను.

పోయినేడు నా భార్య కూడా పోయింది. ఏ జబ్బో డాక్టరు చెప్పాడు. ఆ పేరుతో నాకు పని లేదు.

ఇప్పుడు మిషను మీద మా అమ్మాయి కూర్చుంటుంది. తల్లిలాగే కుడుతుంది, తల్లిలాగే నేను మాట్లాడుతుంటే వినదు. ఒకరోజు నేను బజారు నుంచి వచ్చేసరికి గోడ మీద తల్లి ఫోటో కొత్త చట్రంలో ఉంది. ఏదో పుస్తకంలోంచి కత్తిరించిన ప్రార్థన బొమ్మ. కింద ఉన్న అక్షరాల్ని జాగ్రత్తగా కోసేసింది. తీసి బల్ల మీద బోర్లించాను. మళ్ళీ తగిలించింది. మళ్ళీ తీశాను.

"ఇంకేముంది నాన్నా మన దగ్గర?" అంది. "అమ్మను తలచుకుంటే కళ్ళజోడు వస్తోంది, మొహం రావడం లేదు. రోజురోజుకీ మరుపు ఎక్కువైపోతోంది. అబద్ధమైనా అమ్మ మొహం అందులోనే ఉంది."

నాకు ఆ మొహం వస్తోంది. దానికి రావడం లేదంటే నేను చేయగలిగింది ఏముంది? ఏం చేయాలో అమ్మాయే చెప్పింది. మామయ్య దగ్గర పలక ఉందని, ఎర్రరంగు నీళ్ళతో కడిగితే పోతుందని, అమ్మే ఎప్పుడో చెప్పిందని. తను వెళ్ళి అడిగిందట. ఇవ్వనన్నాడట.

"నువ్వొస్తే కాదనలేడు," అంది.

"నేను వాడితో మాట్లాడను."

"మాట్లాడొద్దులే. వచ్చి నిలబడు."

వెళ్ళాను.

వడ్రంగి కొట్టు మీద గది వాడిది. మెట్ల నిండా రంపపు పొట్టు. కిటికీ దగ్గర అదే ఏటవాలు బల్ల. వాడు ముసలివాడైపోయాడు, మొన అరిగిపోయిన పెన్సిలులా ఉన్నాడు. పెళ్ళిఫోటోల్లో మచ్చలు తీసే పని చేస్తాడట, అదీ ఇప్పుడు తగ్గిందట. నన్ను చూసి లేచి, కుర్చీ తుడిచి, "రా బావా," అన్నాడు. నేను నిలబడే ఉన్నాను.

పలక తీసి బల్ల మీద పెట్టాడు. వెనక నుంచి కిటికీ వెలుతురు పడింది. మనిషి చుట్టూ గాజు అంతా గడ్డకట్టిన ఎర్రరంగు. దాని మధ్య తలకిందులైన నలుపు తెలుపుల్లో ఆమె. అంచుల వెంట కుంచె ఎక్కడా తొణకలేదు. వేళ్ళ సందుల్లో కూడా వెంట్రుకంత గీత తప్పలేదు. పనివాడి పని. అది నేను కాదనను.

అమ్మాయి సూటిగా అడిగింది. మామయ్యా, ప్రార్థన బొమ్మ లోకమంతా ఉంది, ఇది కడిగినా అవి పోవు, మాకు ఒక్కటి కావాలని. వాడు తల ఊపి చెప్పడం మొదలుపెట్టాడు. విదేశంలో పెద్ద మ్యూజియం వాళ్ళ మనిషి వచ్చి పలక చూసి వెళ్ళాడట. వచ్చే నెలలో తీసుకువెళతాడట. ఈ ఫోటో ప్రసిద్ధి అంతా దొర కెమెరాలో లేదని, కుంచెలో ఉందని ఆయన కనిపెట్టాడట. గాజుపెట్టెలో పెట్టి, దొర పేరు పక్కన ఈసారి వీడి పేరు కూడా చెక్కిస్తారట.

"జీవితమంతా ఆ గదిలో కూర్చున్నాను తల్లీ. ఒక్క కాగితం మీద నా పేరు లేదు. కళ్ళు పోయాయి, చెయ్యి వణుకుతోంది. నేను బతికానని చెప్పడానికి ఈ రంగొక్కటే ఉంది. కడిగితే నేనేం మిగులుతాను?"

అది అబద్ధం కాదు. అందుకే నాకు ఒళ్ళు మండింది.

"మీ మామయ్యతో చెప్పు," అన్నాను అమ్మాయితో. "అక్క మిషను చెరిపి పేరు తెచ్చుకోవడానికి సిగ్గు ఉండాలని."

"అబద్ధం ఏం చేశాను బావా?" వాడు నాతోనే అన్నాడు. "అక్క మిషను ముందు కూర్చున్నట్టు ఏ గుడిలోనైనా ఎవరైనా కూర్చున్నారా? అదే దాని ప్రార్థన. దొరకు తెలియకపోయినా ఆ బొమ్మలో అదే ఉంది. నేను దాన్నే బయటికి తీశాను."

"దిండు గలీబు కుడుతోందని చెప్పు," అన్నాను. "తొందరగా కావాలని గొడవచేసినవాడిని తిట్టుకుంటూ కుడుతోంది. నేను అక్కడే ఉన్నాను. తిట్లు కూడా విన్నాను."

అమ్మాయి పలక వైపే చూస్తోంది.

"మామయ్యా, ఆ గాజుపెట్టె మీద దొర పేరు ఉంటుంది. నీ పేరు ఉంటుంది. అమ్మ పేరు?"

వాడు పలక అంచును వేలితో తుడిచాడు.

"అడిగారు," అన్నాడు చివరికి. "ఎవరని అడిగారు. దర్జీ అని చెబితే బొమ్మ విలువ పోతుందని..."

"ఏం చెప్పావు?"

"తెలియదన్నాను."

మా అమ్మాయి అరవలేదు. తల్లి కూడా అరిచేది కాదు. దారం తెంపినట్టు మెల్లగా అడిగింది.

"అయితే నేనెవరి కూతుర్ని మామయ్యా?"

నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. వాడి మొహం చూడాలని నాకు అనిపించలేదు. కొంతసేపటికి కుర్చీ జరిగిన చప్పుడు, నీళ్ళు పోసిన చప్పుడు వినిపించాయి. తిరిగి చూస్తే వాడు పళ్ళెం ముందు పెట్టుకుని దూది చింపుతున్నాడు. చేతులు వణుకుతున్నాయి. దూది తడిపి పలక అంచున ఆనించగానే వణుకు ఆగింది. మూలన మొదలుపెట్టాడు. పాతరంగు వెంటనే కదల్లేదు. తడి చేసి, ఆగి, మళ్ళీ తడి చేశాడు. తరవాత జారింది. పళ్ళెంలో నీళ్ళు ఎర్రబడ్డాయి. పారబోసి కొత్తనీళ్ళు పోశాడు. ఎంత ఓపికగా పూశాడో అంత ఓపికగానే కడిగాడు.

పలక ఆరాక పక్కనున్న చీకటికొట్టులోకి తీసుకుపోయాడు. అక్కడ ఎర్రబల్బు. ముగ్గురం ఒకరి భుజం ఒకరికి తగిలేంత ఇరుకు. పలకలోంచి కాగితం మీదికి కాంతి పంపి, ఆ కాగితాన్ని మందునీళ్ళలో వేసి పళ్ళేన్ని మెల్లగా ఊపాడు. మొదట మిషను చక్రం వచ్చింది. తరవాత మిషను మెడ, దాని మీద పువ్వుల బొమ్మ, దారపు కండె. కిటికీ చట్రం. మేకుకు వేలాడుతున్న కొలతల టేపు. చేతుల కింద గలీబు, దాని మూల కొద్దిగా మడతపడి. వంగిన మెడ ఇప్పుడు దేనికి వంగిందో చంటిపిల్లలు కూడా చెప్పగలరు. సూది వైపు వంగింది.

అమ్మాయి ఊపిరి వినిపించింది. "అమ్మ," అంది. అంతే.

అప్పుడు వెనకగోడ దగ్గర, నీడలోంచి, ఇంకోటి పైకి తేలింది. బల్ల. ఇస్త్రీపెట్టె. దాని పిడి పట్టుకుని ఒకడు. మీసం సరిగ్గా రాని మొహం, ముడిపడ్డ కనుబొమలు, కెమెరాను కొట్టేటట్టు చూపు. కెమెరా అంత వెనక్కి చూస్తుందని నేను అనుకోలేదు. ఆమె పక్కన నేను ఉన్న ఫోటో ఈ లోకంలో ఒకటి ఉందని నాకు తెలియదు.

ఆడిన మాట అక్కడ తప్పాను.

"నన్ను కూడా చెరిపావా?"

"నిన్నే ముందు చెరిపాను బావా," అన్నాడు పెన్సిలు, పళ్ళెం ఊపుతూనే. "మిషనుకు చాలాసేపు పట్టింది. నిన్ను ఒక్క కుంచె దెబ్బతో కొట్టేశాను."

అమ్మాయికి నవ్వొచ్చింది. ఏడుస్తూ నవ్వింది. నేను నవ్వలేదు.

వెలుతురులోకి వచ్చాక చూస్తే ఒక్కటి తిరిగి రాలేదు. కళ్ళజోడు. వెండిచట్రం మెరుపును వాడు రంగుతో కప్పలేదు, కత్తిమొనతో గీకేశాడు. గీకింది కడిగితే రాదు. చట్రం ఉండాల్సినచోట కళ్ళ చుట్టూ సన్నటి నల్లగాట్లు, పిల్లి గోరుతో గీరినట్టు. పెన్సిలు కాగితాన్ని కిటికీకి పెట్టి చాలాసేపు చూశాడు. బల్ల మీది నుంచి పెన్సిలు తీసుకున్నాడు.

"గీస్తాను బావా. అదే కళ్ళజోడు. నాకు బాగా గుర్తుంది. పెట్టినట్టే ఉంటుంది, ఎవరూ తేడా పట్టలేరు."

గీయగలడు. నాకు తెలుసు. అమ్మాయి నా వైపు చూసింది. దానికి గీయించుకోవాలనే ఉంది.

"వద్దు," అన్నాను. "పెట్టినట్టే ఉండేవి చాలు. నువ్వు గీకింది కూడా అందులో ఉండాలి."

వాడు పెన్సిలు కింద పెట్టాడు.

మ్యూజియం మనిషి చెప్పినట్టే మరుసటి నెలలో వచ్చాడట. పలక చూసి, పాడైపోయింది అన్నాడట. వట్టిచేతులతో పోయాడు. వాళ్ళ గాజుపెట్టెలో ఏ పాత పోస్టుకార్డో పెట్టుకుని ఉంటారు, దొర పేరు ఒక్కటే రాసి.

మా కొట్టులో ఫోటో పెద్దది చేయించి మిషనుకు ఎదురుగోడకు పెట్టాం. కింద ఆమె పేరు రాయించాను. పేరు కింద దర్జీ అని. అంతటితో చాలనుకున్నాను. బోర్డులు రాసేవాడు కుంచె కడుక్కోబోతుంటే అమ్మాయి ఆపింది. మామయ్య పేరు కూడా రాయిద్దాం అంది.

"ఏమని రాయిస్తావు? చెరిపినవాడనా, కడిగినవాడనా?"

"రెండూ," అంది.

కాదనడానికి కారణం వెతికాను, దొరకలేదు. రెండూ నిజమే. రాయించింది. వాడి పేరు, దాని పక్కన 'చెరిపింది, కడిగింది' అని.

వాడిని నేను క్షమించలేదు. అడగనూ లేదు వాడు. ఒక పొద్దున చొక్కా జేబు చిరిగిందని వంకపెట్టుకుని కొట్టుకు వచ్చాడు. అమ్మాయి తల ఎత్తకుండానే చెయ్యి చాపి చొక్కా తీసుకుంది. వాడు బనీనుతో గోడ దగ్గర నిలబడి, కళ్ళు చికిలించి, పేర్లు రాసినచోట మొహం ఆనించినంత దగ్గరగా పెట్టి చదివాడు. ఒకసారి చదివి, మళ్ళీ చదివాడు. బొటనవేలితో గాలిలో ఏదో అక్షరాన్ని దిద్దాడు.

"బావా, నా పేరులో కొమ్ము వంకర పోయింది. ఒక చిన్న కుంచె ఇస్తే సరిచేస్తాను."

"ముట్టుకోకు," అన్నాను.

మిషను ఆగలేదు.